టోటెమ్ పేరు తీసేశారు సరే, బాకీ మాటేమిటి?

అమెరికా, వాషింగ్టన్ రాష్ట్రం, రెంటన్‌లోని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ నిర్వాహకులకు, 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' కార్డుల ఆట రూపకర్తలకు బహిరంగ లేఖ



2024 జూన్‌లో 'మోడర్న్ హొరైజన్స్ 3' కార్డులు విడుదల చేస్తూ మీరొక పేరు మార్చారు. 2010 నుంచి 'టోటెమ్ ఆర్మర్' అంటూ వచ్చిన రక్షణ గుణం అప్పటి నుంచి 'అంబ్రా ఆర్మర్' అయింది. కార్డు చేసే పని మారలేదు. ఆడే తీరు మారలేదు. ఒక మాట పోయి ఇంకో మాట వచ్చింది, అంతే. దానికి కాస్త ముందే 'ట్రైబల్' అనే కార్డు రకాన్ని 'కిండ్రెడ్' చేశారు. ఆదివాసులను గుర్తుకు తెచ్చే మాటలు ఇలా ఒక్కొక్కటే మీ ఆటలోంచి వెళ్లిపోతున్నాయి.

ఆ మాటలు తీసేయడం తప్పని ఈ లేఖ అనడం లేదు. తీసేయడంతోనే లెక్క చెల్లిపోయిందనుకోవడం మాత్రం, ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచున నిలబడి చూస్తే, మింగుడుపడని సంగతి.

ఈ ఊళ్లకూ మీ ఆటకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. ఈ వేసవిలో డాలస్ నుంచి ఖమ్మం తాతగారింటికి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లాడొకడు ఉన్నాడనుకోండి. ఖమ్మం జిల్లా నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలు అన్నీ ఇన్నీ కావు గనక ఇదేమీ పెద్ద ఊహ కాదు. మే నెల ఎండకు పెద్దవాళ్లు గడప దాటనివ్వరు. పిల్లాడు సంచిలోంచి డెక్కు తీసి, తనకన్నా చిన్నవాడైన బాబాయి కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుంటాడు. పంకా గాలికి కార్డులు ఎగిరిపోకుండా అంచున చెంచా ఒకటి బరువు పెడతారు. పెద్దవాడి వైపు ఒక మామూలు సైనికుడు ఉన్నాడు. బలం రెండు, ఓర్పు రెండు. వాడి మీద 'హయీనా అంబ్రా', అంటే దుమ్ములగొండి నీడ, అనే ఆరా కార్డు పెడతాడు. ఆరా అంటే ప్రాణి మీద పెట్టి దాన్ని బలపరిచే కార్డు. ఖర్చు ఒకే ఒక్క తెల్ల మానా, అంటే మంత్రాలకు కట్టే శక్తిలో ఒక పాలు. సైనికుడి బలం మూడవుతుంది, ఓర్పు మూడవుతుంది, ఎవరితో తలపడ్డా ముందు దెబ్బ వాడిదే. చిన్నవాడు ఆలోచించి ఆలోచించి 'డూమ్ బ్లేడ్' వేస్తాడు. చంపేసే కార్డు అది. అయినా సైనికుడు చావడు. మీదున్న దుమ్ములగొండి నీడ తాను పోయి వాణ్ని నిలబెడుతుంది.

చిన్నవాడు ఆ కార్డు చేతిలోకి తీసుకుని చూస్తాడు. పాత ముద్రణ కాబట్టి దాని మీద ఇంకా పాత పేరే ఉంది.

"ఈ టోటెమ్ అంటే ఏంటన్నా?"

"ఏమోరా. ఇప్పుడా పేరు తీసేశారు."

మీరు చేసిన మార్పు ఆట ఆడే చోట ఈ రూపం తీసుకుంటుంది. ఇంతకు ముందు ఆ మాట అక్కడ ఉండబట్టి ఒక ప్రశ్న పుట్టింది. రేపు కొత్త ముద్రణ చేతికొచ్చిన పిల్లాడికి ఆ ప్రశ్న కూడా పుట్టదు. ఈ గుణం ఎవరి ఆలోచనలోంచి వచ్చిందో తెలుసుకునే చివరి దారం మీరే తెంపారు. తెంపేటప్పుడు దాని కొస ఎవరి చేతిలో ఉందో చూశారా?

ఆట గొప్పదనాన్ని తక్కువ చేయడానికి కాదు ఈ మాటలు. గణితం చదివిన రిచర్డ్ గార్ఫీల్డ్ 1993లో ఈ ఆటను లోకానికి ఇచ్చినప్పుడే అందులో రక్షణ ఒక ముఖ్యమైన అల్లిక. మొదటి ముద్రణలోనే ఐదు రంగులకు ఐదు 'వార్డ్' కార్డులు ఉన్నాయి. ఏ రంగు వార్డ్ పెడితే ఆ రంగు మంత్రం ఆ ప్రాణిని ముట్టుకోలేదు. ఆటగాణ్నే కాపాడే 'రక్షణ వలయాలు' వేరుగా ఉన్నాయి. వాటిలో నలుపు రంగు వలయం ఆ మొదటి అచ్చులో పొరపాటున తప్పిపోయింది. తర్వాతి అచ్చులో దాన్ని చేర్చారు. తప్పిపోయినదాన్ని వెనక్కి తెచ్చి చేర్చడం మీకు చేతకాని పని కాదని చెప్పడానికే ఇది గుర్తు చేయడం.

అయితే ఆ తొలి రక్షరేకులకు ఒక పెద్ద లోపం ఉండేది. ఒక ప్రాణి మీద ఇంకో కార్డు పెట్టి బలపరిస్తే, అవతలివాడు ఆ ప్రాణిని తీసేసినప్పుడు రెండు కార్డులూ పోతాయి. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు చాలాకాలం ఆరా కార్డుల జోలికి పోవడానికి వెనకాడేవారు. వార్డ్ ఉన్నా 'రాత్ ఆఫ్ గాడ్' లాంటి మంత్రం వస్తే అందరితోపాటు ఆ ప్రాణీ పోతుంది. ఎందుకంటే ఆ మంత్రం ఎవరినీ గురిపెట్టదు, అందరినీ ఊడ్చేస్తుంది. రంగును బట్టి ఇచ్చే రక్ష అక్కడ పనికిరాదు. ఈ చిక్కుముడిని మీరు 2010లో 'రైజ్ ఆఫ్ ద ఎల్‌డ్రాజీ' కార్డులతో విప్పారు. ప్రాణి నాశనం కావలసి వచ్చినప్పుడు, దానికి బదులు మీదున్న ఆరా నాశనమవుతుంది. ప్రాణికి తగిలిన గాయాలు కూడా మాయమవుతాయి. 'రాత్ ఆఫ్ గాడ్' వచ్చినా సరే నిలబడుతుంది. ఆట నుంచే వెలివేసే 'స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్' లాంటివాటికి మాత్రం అడ్డుపడలేదు. రక్షణకు ఒక హద్దు, ఒక ధర పెట్టారు. చాలా చక్కని పరిష్కారం.

ఆ పరిష్కారానికి ఇచ్చిన రూపం గణితంలోంచి రాలేదు. వంశానికి ఒక జంతువు తోడుంటుందన్న నమ్మకంలోంచి వచ్చింది. ఎలుగు, పాము, సాలీడు, అడవిపంది, దుమ్ములగొండి అంటూ వరసగా నీడలు పేర్చి, ఆ గుణానికి 'టోటెమ్' అని పేరు పెట్టారంటే, ఆ సంగతి అప్పటి రూపకర్తలకు తెలుసన్నమాట. ఆ మాట ఉత్తర అమెరికాలోని పెద్ద సరస్సుల చుట్టూ ఉండే ఓజిబ్వే ప్రజలది. కొంగ, ఎలుగు, చేప వంటి పేర్లతో ఉన్న వంశాలను, వాటి చుట్టరికాన్ని తెలిపే మాట. 1791లో ఒక ఇంగ్లిష్ వర్తకుడి పుస్తకానికెక్కింది. 1887లో మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ దానిమీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1913లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చేతికి చిక్కింది. మాట ఎంత దూరం పోతే, దాని సొంతదారులు అంత వెనకబడ్డారు. చివరికి మీ పెట్టెలోకి వచ్చేసరికి అది నాలుగు రోజులు ఆడుకునే ఒక కవచం.

ఆ మాట భారతదేశానికీ వచ్చింది. తెల్లదొరల కాలంలో కులాలనూ తెగలనూ జాబితాలు కట్టినవాళ్లు కనిపించిన ప్రతి కొండజాతికీ ఒక 'టోటెమ్' రాసుకుంటూ పోయారు. గోదావరి అడవుల్లో ఉన్నవాళ్లకూ తప్పలేదు. అందుకే ఈ మాటతో ఈ అడవికీ చుట్టరికం ఉంది.

కోయలు దాన్ని టోటెమ్ అనరు. వాళ్లకు గట్టు ఉంది, వేల్పు ఉంది. మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అని లెక్క. ఒకే గట్టువాళ్ల మధ్య పెళ్లిళ్లు కుదరవు. ఏ గట్టు కథ ఆ గట్టుదే. ఆ కథను మూడుకోణాల గుడ్డ మీద బొమ్మలుగా దాచుకుంటారు. దాన్ని పడిగె అంటారు. పడిగెను ఊరికే గోడకు తగిలించి చూడరు. కొలుపు జరిగేటప్పుడు విప్పుతారు. విప్పినప్పుడు డోలి కొట్టి, ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఎవరెవరితో పోరాడింది, ఎవరు కాపాడారు అని చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. బొమ్మకు గొంతు తోడుంటేనే అది పడిగె.

ఆ గొంతుల్లో ఒకరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య. సమ్మక్క సారలమ్మల కథను డోలి మీద చెప్పిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అలాంటివారు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారు.

రక్షణ అనే మాటకు ఈ వైపు అర్థమేమిటో తెలియాలంటే రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతర చూడాలి. అక్కడ విగ్రహం లేదు. చిలకలగుట్ట మీద నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. గద్దె మీద వెదురు. అంతకు మించి బొమ్మ లేదు, రూపం లేదు. ఖమ్మం నుంచి, భద్రాచలం నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో వచ్చే లక్షల మంది ఆ భరిణెకే మొక్కుతారు. బిడ్డకు జబ్బు నయమైతే, పంట చేతికొస్తే, ఆపద గట్టెక్కితే, తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు. ఆ బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. తక్కెడలో ఒక పక్క పసివాణ్ని కూర్చోబెట్టి, ఇంకో పక్క బెల్లం దిమ్మలు ఒకటొకటే పేరుస్తుంటే, పిల్లాడి కాళ్లు నేల మీద నుంచి లేస్తాయి. తల్లి ముల్లు వైపే చూస్తూ ఉంటుంది. ఇంకో దిమ్మ పెట్టమంటుంది. తక్కువ పడకూడదని ఆమె పట్టుదల.

ఆమె చేస్తున్న పని మీ ఆటలో లేదు. మీ ఆటలో రక్షణ పొందినవాడు ముందుగా ఒక మానా కడతాడు, తర్వాత ఆ రక్షణ 'స్మశానం' అనే వాడేసిన కార్డుల దొంతరలోకి పోతుంది, అక్కడితో సరి. ఇక్కడ రక్షణ పొందిన తర్వాతే అసలు లెక్క మొదలవుతుంది. భూమి పండుగ చేసి గాని విత్తనం వేయని ఊళ్లున్నాయి. కొత్తల పండుగ చేసేదాకా కొత్త గింజ నోట పెట్టని ఇళ్లున్నాయి. కాపాడినవాళ్లకు ముందు పెట్టి, తర్వాత తాము తింటారు. మీరు ఆదివాసుల ఆలోచనలోంచి కవచాన్ని తీసుకున్నారు గాని, కవచం వెంట వచ్చే బాకీని అక్కడే వదిలేశారు. ఇప్పుడు ఇచ్చినవాళ్ల పేరు కూడా తీసేశారు. తీసుకున్నది మాత్రం మీ దగ్గరే ఉంది. దుమ్ములగొండి నీడ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది, ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది.

ఆలోచనకు సొంతదారు ఎవరని మీరు అంటారా? అనలేరు. 1997 సెప్టెంబరులో గార్ఫీల్డ్ పేరున ఈ ఆటకు అమెరికా పేటెంట్ వచ్చింది. కార్డును వాడినట్టు తెలియడానికి దాన్ని పక్కకు తిప్పడం కూడా అందులో భాగం. బల్ల మీద ఒక అట్టముక్కను అడ్డంగా తిప్పడానికే సొంతదారు ఉంటాడని ప్రపంచానికి చెప్పిన సంస్థ మీది. ఒక వంశం వందల ఏళ్లు కాపాడుకున్న ఊహకు సొంతదారు లేడని ఏ ముఖంతో అంటారు? మీ మాతృసంస్థ హాస్‌బ్రో లెక్కల ప్రకారం 2022లో ఒక్క మ్యాజిక్ ఆటే 100 కోట్ల డాలర్ల ఆదాయం తెచ్చింది. డబ్బు లేక మరచిపోయారనుకోవడానికీ వీల్లేదు.

ఇది ఒక్క టోటెమ్ సంగతే అయితే ఇంత రాయనక్కరలేదు. 2020 జూన్‌లో, అమెరికా వీధుల్లో జాతివివక్షకు వ్యతిరేకంగా జనం కదిలిన రోజుల్లో, మీరు ఏడు పాత కార్డులను ఆట నుంచి నిషేధించారు. మీ కార్డుల భాండాగారంలో వాటి బొమ్మలు తీసేసి, ఆ చోట జాతివివక్షకు తావు లేదన్న ప్రకటన పెట్టారు. ఆ ఏడింటిలో ఒకటి 1994 నాటి 'ప్రదేశ్ జిప్సీస్'. తెలుగువాళ్లకు ప్రదేశ్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అరవై ఏళ్లకు పైబడి అది రాష్ట్రం పేరులో సగం. 'జిప్సీ' అన్నది యూరప్‌లోని రోమా ప్రజలను చిన్నబుచ్చే మాట. ఈ దేశంలో అదే మాటను లంబాడీలకు, బంజారాలకు తగిలించారు. ఖమ్మం చుట్టూ ఉన్న తండాల్లోని పిల్లలు తమ గురించి పుస్తకాల్లో ఇలాంటి మాటలే చదువుకోవలసి వచ్చింది. ఆ కార్డును తీసేయడం న్యాయమే. కాని ఆ 'ప్రదేశ్' ఎక్కడిది? ఆ బొమ్మలోని మనుషులు ఎవరనుకుని గీయించారు? అడగడానికి తండాకు ఎవరైనా వచ్చారా? కార్డు పోయిన చోట క్షమాపణ లాంటి నాలుగు వాక్యాలు మిగిలాయి. జవాబు మిగల్లేదు.

2001లో ఒక ప్రత్యేక కార్డును సంస్కృతంలో అచ్చువేశారు. 2016లో భారతదేశాన్ని మనసులో పెట్టుకుని 'కలాదేశ్' అనే లోకాన్నే నిర్మించారు. నగిషీ పనితనం, ఆవిష్కర్తల సంత, చంద్ర, సహేలి అన్న పేర్లు. ఆ లోకాన్ని ప్రేమగా కట్టారని చూడగానే తెలుస్తుంది. అది కూడా 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'ఈథర్‌డ్రిఫ్ట్' నాటికి 'అవిష్కార్' అయింది. మళ్లీ పేరే మారింది. కాని ఆ భారతదేశంలో అడవి ఎవరిది? అక్కడ కొమ్మల నడుమ కనిపించేది మొనదేలిన చెవుల ఎల్ఫ్‌లు. యూరప్ కథల్లోంచి నడిచి వచ్చినవాళ్లు. నగరాలకు ఇక్కడి మనుషులు దొరికారు, ఇక్కడి బట్టలు దొరికాయి, ఇక్కడి పేర్లు దొరికాయి. అడవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనుషులే దొరకలేదా? భద్రాచలం నుంచి చింతూరు దారి పట్టి ఒక పూట నడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరికేది.

పేకముక్క మీద దేవుళ్లను, వేల్పులను వేయకూడదని కాదు వాదన. దశావతార గంజీఫా ఈ దేశంలో వందల ఏళ్లు ఆడిన ఆట. పది అవతారాలకు పన్నెండేసి ముక్కల చొప్పున 120 ముక్కలు. గుండ్రటివి. తెలంగాణలో నిర్మల్ కళాకారులు వాటికి పేరుపొందారు. పగలు ఆడితే రాముడి ముక్కతో మొదలు, రాత్రయితే కృష్ణుడి ముక్కతో. భద్రాచలం రాముడి పేరు చెబితే కన్నీళ్లు పెట్టుకునే ఇళ్లవాళ్లే ఆ రాముణ్ని పేకలో చేతబట్టుకుని ఆడారు, ఎవరికీ తప్పనిపించలేదు. ఎందుకంటే గీసినవాడిది, ఆడినవాడిది, మొక్కినవాడిది ఒకటే కథ. ఎక్కడివాడో వచ్చి వాడుకుని పోయిన కథ కాదు.

ఇలాంటి పొరపాటు మీ ఒక్కరిదే కాదు, నిజమే. 2001లో లెగో సంస్థ 'బయోనికిల్' బొమ్మలకు మావోరీల మాటలు వాడింది. 'తొహుంగా' అంటే వాళ్లలో పెద్ద విద్య తెలిసినవాడు. ఆ మాట బొమ్మ పేరైపోయింది. న్యూజిలాండ్ మావోరీలు అభ్యంతరం చెబితే కొన్ని పేర్లు మార్చారు. మీరు నడుస్తున్న దారి అదే. కాని ఇంకో దారి కూడా ఉంది. 2014లో 'నెవర్ అలోన్' అనే వీడియో ఆట వచ్చింది. అలాస్కాలోని ఇనుపియాట్ ప్రజల కథ అది. అక్కడి ఒక గిరిజన మండలి తానే భాగస్వామిగా నిలబడి తయారుచేయించింది. పెద్దలు కూర్చుని కథ చెప్పారు, ఆటలో వాళ్ల భాషే వినిపిస్తుంది. ఒకప్పుడు ఆ కథ చెప్పిన పెద్దాయన లేకపోతే, ఆయన కూతుర్ని వెతికి పట్టుకుని, ఆమె సమ్మతి తీసుకుని గాని ముందుకు పోలేదు. ఒక ముసలమ్మ ఇంటి తలుపు తట్టి 'అమ్మా, మీ నాన్న చెప్పిన కథ వాడుకోవచ్చా' అని అడగడానికి ఎంత ఖర్చవుతుంది? మీరు అచ్చువేసే ఒక్క కార్డుల వరసకు అయ్యే ప్రచారం ఖర్చుతో పోలిస్తే అదొక లెక్కా?

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసుల హక్కుల ప్రకటనలో 31వ అధికరణం ఉంది. తమ సంస్కృతిని, కళలను, చివరికి తమ సంప్రదాయ ఆటలను సైతం కాపాడుకునే, తమ చెప్పుచేతల్లో ఉంచుకునే హక్కు ఆదివాసులకు ఉందని అది చెబుతుంది. మొదట ఆ ప్రకటనకు వ్యతిరేకంగా ఓటు వేసిన మీ దేశం 2010 డిసెంబరులో దాన్ని ఒప్పుకుంది. మీరు 'టోటెమ్ ఆర్మర్' అచ్చువేసిందీ ఆ సంవత్సరమే. ఇక ఈ దేశంలో, భద్రాచలం వంటి షెడ్యూల్డు ప్రాంతాలకు 1996 నాటి పీసా చట్టం ఉంది. ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభదని ఆ చట్టం తేల్చి చెప్పింది. అంటే రేపు మీరో, మీలాంటి ఇంకొకరో కోయ పడిగె మీద కన్నువేస్తే, అడగవలసిన చోటు ఎక్కడో చట్టమే చూపిస్తోంది. చెట్టు కింద చాప వేసుకుని కూర్చునే గ్రామసభ అది. అక్కడ కాదంటే కాదనే అర్థం. ఈ లేఖను ఎవరూ ఆహ్వానంగా చదవకూడదు. ఇక్కడి వేల్పులు మీ కార్డుల కోసం ఎదురుచూడడం లేదు.

ఎదురుచూస్తున్నది ఇప్పటికే తీసుకున్నదానికి లెక్క. ముందు ఓజిబ్వేల దగ్గర మొదలుపెట్టండి. మీ దేశంలోనే ఉన్నారు. ఆ మాట వాళ్లది. వాళ్ల సంఘాలతో మాట్లాడి, ఈ గుణానికి ఏ పేరు ఉండాలో, అసలు ఉండాలో వద్దో వాళ్ల నోటితో చెప్పించండి. వాళ్లు అక్కర్లేదంటే తలవంచి ఒప్పుకోండి. పేరు మార్చామని మీ నియమాల పుస్తకంలో రాస్తే చాలదు. ఆ పేరు ఎక్కడ నుంచి వచ్చింది, ఎందుకు మార్చవలసి వచ్చింది అన్నది ఆడే పిల్లలకు అర్థమయ్యే నాలుగు మాటల్లో పెట్టెలోనే వేయండి. ఈ వరసలోని కార్డులు మళ్లీ అచ్చువేసిన ప్రతిసారీ వచ్చే రాబడిలో ఒక వాటా వాళ్ల భాష కోసం, వాళ్ల బడుల కోసం తీసిపెట్టండి. పేటెంట్ తీసుకోవడం తెలిసిన సంస్థకు వాటా లెక్క కట్టడం కొత్త విద్య కాదు.

రెంటన్‌కు దగ్గర్లోని బెల్‌వ్యూ, రెడ్‌మండ్ పట్టణాల్లో తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మీ ఆట ఆడే పిల్లలు ఆ ఇళ్లలో ఉన్నారు. 2021 నుంచి మీ ఆట ఫోన్లోనే దొరుకుతోంది గనక, ఖమ్మంలోనూ కొత్తగూడెంలోనూ ఆడేవాళ్లకు పెట్టె కొనవలసిన పని కూడా లేదు. ఆ ఫోను ఆశ్రమ పాఠశాలలో చదివిన కోయ పిల్లాడి చేతికీ వస్తుంది. వాడు తొలిసారి ఒక జంతువు నీడను తన సైనికుడి మీద కప్పి, దెబ్బను అది తీసుకోవడం చూసినప్పుడు, తాత డోలి మీద చెప్పినదాంట్లో ఇలాంటిదేదో విన్నానే అనుకోవచ్చు. అప్పుడు వాడికి మీరు ఏం చూపిస్తారు? లాటిన్‌లో నీడ అని అర్థం వచ్చే ఒక మాటా?

మీ కార్డుల్లో 1993 నుంచి ఈనాటిదాకా మారని ఒక మంచి అలవాటు ఉంది. ఎంత చిన్న కార్డయినా, ఎంత మామూలు కార్డయినా, అడుగున సన్నటి అక్షరాలతో బొమ్మ గీసినవారి పేరు ఉంటుంది. కార్డు చిరిగేదాకా ఆ పేరు దాంతోపాటే తిరుగుతుంది. బొమ్మ గీసినవారికి చోటు ఇవ్వాలని మొదటి రోజే మీకు తోచింది. దుమ్ములగొండి నీడను మళ్లీ అచ్చువేసే రోజున, ఆ పేరు పక్కన మిగిలే వెడల్పును ఒకసారి కొలిచి చూడండి. ఇంకో పేరు పట్టేటంత ఖాళీ ఉందా లేదా?

ఇట్లు,
ఖమ్మం–భద్రాచలం అడవి అంచు నుంచి
ఒక తెలుగు పత్రికా రచయిత